గనుల్లో గాయాల లెక్క: ఎవరు రాస్తారు, ఎలా చదవాలి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కోల్‌బెల్టు ప్రాంతం నుంచి శ్రమకోర్చి హైదరాబాద్ వచ్చిన కార్మిక మిత్రులకు, గణాంక శాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

గనుల్లో జరిగే ప్రమాదాల గురించి పార్లమెంటులో తరచుగా ప్రశ్నలు పడుతుంటాయి. సంబంధిత మంత్రి ఒక పట్టికను జతచేసి సమాధానం ఇస్తారు. ప్రాణాంతక ప్రమాదాలు ఎన్ని, మరణాలు ఎన్ని, తీవ్ర గాయాలు ఎన్ని అన్నది అందులో సంవత్సరాల వారీగా ఉంటుంది. మర్నాడు పత్రికల్లో ఆ అంకెలే పతాక శీర్షికలవుతాయి. ఒకరు తగ్గాయంటారు, మరొకరు చాలినంత తగ్గలేదంటారు. ఆ అంకె మొదట ఏ కాగితం మీద పడింది, ఆ కాగితం రాసింది ఎవరు, రాయకపోతే అడిగేవారు ఎవరు అనే ప్రశ్న మాత్రం చర్చలోకి రాదు. నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. ఆ పట్టికలో మరణాల వరుసా, గాయాల వరుసా పక్కపక్కనే కనిపిస్తాయి గానీ అవి ఒకే జాతికి చెందిన అంకెలు కావు. మరణాన్ని లెక్కపెట్టేవారు చాలామంది ఉంటారు. గాయాన్ని లెక్కపెట్టేది ప్రధానంగా ఒక్కరే, గని యాజమాన్యం. మిగతా ప్రసంగమంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

మన దేశంలో ఈ లెక్కలు చూసే సంస్థ గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అందరూ డీజీఎంఎస్ అని పిలిచే కార్యాలయం. 1901లో గనుల చట్టం వచ్చాక, 1902 జనవరి 7న కలకత్తాలో తనిఖీ బ్యూరోగా మొదలైన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం ఇప్పుడు ధన్‌బాద్‌లో ఉంది. దక్షిణ మధ్య మండల కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. అందువల్ల దేశంలో ప్రమాదాల గణాంకాలకు వందేళ్లు దాటిన వరుస ఉందని గర్వంగా చెప్పుకుంటాం. అయితే 1901 నాటి చట్టం పరిధి బ్రిటిష్ ఇండియా వరకే. అప్పటికే 1889 నుంచి బొగ్గు తవ్వుతున్న ఇల్లెందు నిజాం రాజ్యంలో ఉండేది. అందుచేత 1901 నుంచి నేటిదాకా ఒకే గీతగా గీసిన పటాన్ని చూసినప్పుడు, దాని తొలి సగం మన బావుల గురించి మాట్లాడుతోందని అనుకోవద్దు.

ఇక అసలు పద్ధతి. 2025 నవంబరు దాకా ఈ వ్యవస్థకు మూలం 1952 గనుల చట్టంలోని 23వ సెక్షన్. మన లెక్కలన్నీ దాని కిందే తయారయ్యాయి కనుక ముందు ఆ చట్టం పద్ధతే చెబుతాను, తర్వాత వచ్చిన మార్పు చివర్లో. గనిలో గానీ, గని పరిసరాల్లో గానీ ప్రాణనష్టమో తీవ్ర శారీరక గాయమో జరిగితే యజమాని, ఏజెంటు లేదా మేనేజరు ఇన్‌స్పెక్టరుకు నోటీసు ఇవ్వాలి. మనిషికి దెబ్బ తగలకపోయినా ఇవ్వాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పేలుడు, మంటలు, నీరు ఒక్కసారిగా చొరబడడం, విషవాయువులు కమ్ముకోవడం, మనుషుల్ని దింపే తాళ్లు తెగడం వంటివి వాటిలోకి వస్తాయి. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం ముందు వెంటనే సమాచారం అందించాలి, ఆ తర్వాత 24 గంటల్లోపు నిర్ణీత ఫారంలో లిఖితపూర్వక నోటీసు పంపాలి. ఏడు రోజుల్లో మరో ఫారం నింపాలి. ప్రమాదం ఎక్కడ జరిగింది, ఏ షిఫ్టులో, ఏ పని చేస్తుండగా, ఏ కారణం వల్ల అన్న వివరాలన్నీ అందులోకే వస్తాయి. గాయపడిన మనిషి డ్యూటీకి తిరిగి వచ్చాకో, చనిపోయాకో మూడో ఫారం వెళుతుంది. తీవ్ర గాయంగా రాసిన మనిషి తర్వాత ఆసుపత్రిలో చనిపోతే ఆ కబురు తెలిసిన 24 గంటల్లో మళ్లీ నోటీసు ఇవ్వాలి. అప్పుడు గాయాల గడి నుంచి ఒక అంకె తగ్గి మరణాల గడిలో చేరుతుంది. పాత సంవత్సరపు లెక్కలు కొత్త నివేదికలో కాస్త మారి కనిపించడానికి ఇదొక కారణం. ప్రతిసారీ కుట్ర వెతకనక్కరలేదు.

మరణం సంభవించిన చోట ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా, లేదా అనుమతి ఇచ్చేదాకా స్థలాన్ని కదిలించకూడదు. ప్రాణాలు కాపాడేందుకు, ఇంకొక ప్రమాదాన్ని ఆపేందుకు అవసరమైతే తప్ప. నోటీసు అందిన రెండు నెలల్లో విచారణ జరపడం చట్టప్రకారం తప్పనిసరి. ఆ విచారణలో తేలిన కారణాన్ని బట్టి ప్రమాదాన్ని ఒక వర్గంలో వేస్తారు. పైకప్పు కూలడం, పక్క గోడ విరిగిపడడం, డంపర్ల వంటి రవాణా యంత్రాలు, ఇతర యంత్రాలు, పేలుడు పదార్థాలు, విద్యుత్తు, వాయువులు, మనిషి ఎత్తు నుంచి పడడం ఇలా. పదిమంది, అంతకంటే ఎక్కువమంది చనిపోతే దాన్ని పెను విపత్తుగా విడిగా పేర్కొంటారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది చనిపోయిన ఘటన ఆ జాబితాలోనిదే. దేశ చరిత్రలో అత్యంత ఘోరమైన చస్‌నాలా ప్రమాదం, 1975 డిసెంబరు 27న 375 మందిని బలిగొన్నదీ అందులోనే ఉంది.

మరణాల లెక్క ఎందుకు గట్టిదో ఇప్పుడు గమనించండి. ఒక కార్మికుడు చనిపోతే పోలీసులు పంచనామా రాస్తారు, పోస్టుమార్టం జరుగుతుంది, కుటుంబం నష్టపరిహారం అడుగుతుంది. మన దగ్గరైతే కారుణ్య నియామకం ప్రశ్న కూడా వస్తుంది. కార్మిక సంఘాలు గేటు దగ్గర ఆందోళనకు దిగుతాయి, విలేకరులు వస్తారు. వీరిలో ఏ ఒక్కరూ డీజీఎంఎస్ కోసం పనిచేయరు, అయినా వీళ్లంతా కలిసి ఆ అంకెకు కాపలా కాస్తారు. నోటీసు ఇవ్వకుండా మరణాన్ని దాచడం చట్టబద్ధమైన పెద్ద గనిలో దాదాపు అసాధ్యం. మృతదేహాలు వెంటనే దొరకని జలప్రమాదాల్లో సైతం ఆ షిఫ్టులో ఎవరెవరు దిగారో మస్టరు రిజిస్టరు, లాంప్‌రూమ్‌లో క్యాప్‌ల్యాంపు, అంటే టోపీకి తగిలించుకునే దీపం, తీసుకున్నవారి జాబితా చెబుతాయి.

గాయం దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. చట్టం గాయాలను మెట్లుగా విభజించింది. శరీర భాగం శాశ్వతంగా కోల్పోవడం, చూపు లేదా వినికిడి దెబ్బతినడం, ఎముక విరగడం వంటివి తీవ్ర గాయాలు. అంతకంటే తక్కువైనా 72 గంటలు, ఆ పైన పనికి రాలేని స్థితి కలిగిస్తే అది నమోదు చేయదగిన గాయం. దీనికి ప్రమాదం జరిగిన వెంటనే నోటీసు అక్కరలేదు, రిజిస్టరులో రాసి ఆ నకలును మూడు నెలలకొకసారి పంపితే చాలు. అంతకన్నా చిన్నవి చిన్న గాయాల పుస్తకంలోకి వెళతాయి, అవి జాతీయ పట్టికదాకా రావు. చట్టం మాటలను జాగ్రత్తగా చూస్తే, 72 గంటల కొలమానం గాయం ఎంత లోతుగా దిగిందనే దాన్ని కొలవదు. మనిషి ఎన్ని గంటలు పనికి దూరమయ్యాడనే దాన్ని కొలుస్తుంది. హాజరు పట్టీ ఎవరి చేతిలో ఉంటే గాయం స్థాయిని నిర్ణయించే అధికారమూ కొంతవరకు వారి చేతిలోనే ఉంటుంది. చెయ్యి వాచిన మనిషిని రెండో రోజే పిలిచి, మస్టరు వేయించి, పైన ఆఫీసులోనో స్టోర్‌లోనో కూర్చోబెడితే పనికి దూరమైన గంటలు 72 దాటవు. దాన్ని లైట్ డ్యూటీ అని మర్యాదగా అంటారు. కార్మికుడికి నాగా పడదు, జీతం పోదు కాబట్టి అతనూ అభ్యంతరం చెప్పడు. మేనేజరుకు భద్రతా వారోత్సవాల్లో బహుమతి దక్కే అవకాశం మిగులుతుంది. నష్టపోయేది పట్టిక ఒక్కటే, దాని తరఫున మాట్లాడేవారు ఆ గదిలో ఉండరు. ఇది ఫలానా గని మీద చేస్తున్న ఆరోపణ కాదు. పని నష్టాన్ని కొలబద్దగా పెట్టుకున్న ప్రతి దేశంలోనూ, ప్రతి పరిశ్రమలోనూ ఇదే ఒత్తిడి పనిచేస్తుంది.

ఈ లోపాన్ని బయటినుంచి పట్టుకునే ఒక సులువైన పరీక్ష ఉంది. మరణాలకూ తీవ్ర గాయాలకూ నిష్పత్తి చూడండి. ఎముక విరగడమే తీవ్ర గాయమని చట్టం చెబుతున్నప్పుడు, బరువైన రాళ్లు, కదిలే బెల్టులు, వెనక్కి వచ్చే డంపర్లు ఉన్న చోట ఒక మరణానికి అనేక ఎముకల విరుగుళ్లు ఉండాలని ఎవరైనా ఒప్పుకుంటారు. అయినా మన బొగ్గేతర గనుల లెక్కల్లో కొన్ని సంవత్సరాల్లో మరణాల సంఖ్య, తీవ్ర గాయాల సంఖ్య దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. మన రాళ్ల గనుల్లో దెబ్బ తగిలినవారిలో సగంమంది చనిపోతున్నారని నమ్మాలి, లేదా గాయాల వరుస సరిగా నిండడం లేదని నమ్మాలి. నాకు రెండోదే సమంజసంగా తోస్తుంది. కనుక ఏదైనా జిల్లాలో, ఏదైనా కంపెనీలో తీవ్ర గాయాల సంఖ్య పెరిగిందని తెలిసినప్పుడు వెంటనే నిందించకండి. అక్కడ రాసేవారు నిజాయితీగా రాయడం మొదలుపెట్టారేమో ముందు చూడండి.

అమెరికాలో ఇదే పనిని గనుల భద్రత, ఆరోగ్య పరిపాలన సంస్థ ఎంషా చేస్తుంది. 1977 చట్టం తర్వాత 1978 నుంచి గని యజమానులు ప్రతి గాయానికీ పది పనిదినాల్లో ఒక ఫారం పంపాలి, ప్రతి మూడు నెలలకు ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారో మరో ఫారంలో తెలపాలి. 2006 చట్టం తర్వాత మరణం వంటి పెద్ద ప్రమాదాలను 15 నిమిషాల్లోపు ఫోనులో చెప్పాలి. పనిదినాలు పోయినప్పుడే కాదు, ప్రథమ చికిత్సకు మించిన వైద్యం అవసరమైనా, పని మార్చాల్సి వచ్చినా అది నమోదు చేయదగిన గాయమే. లైట్ డ్యూటీ చిట్కా అక్కడ అంత సులభంగా పనిచేయదు. కార్మిక గణాంక బ్యూరో ఇతర పరిశ్రమల్లో నమూనా సర్వే చేస్తుంది గానీ, బొగ్గు, లోహ గనుల అంకెల కోసం ఎంషా ఇచ్చే పూర్తి నమోదునే తీసుకుంటుంది. చమురు, వాయువు తవ్వకం మాత్రం ఎంషా పరిధిలో లేదు, కాబట్టి అమెరికా గనుల అంకె చూసినప్పుడు చమురు బావులు అందులో ఉన్నాయో లేవో అడగాలి. మన డీజీఎంఎస్ పరిధిలో చమురు క్షేత్రాలు కూడా ఉన్నాయి. అంత కట్టుదిట్టమైన వ్యవస్థలోనూ 2010 ఏప్రిల్ 5న 29 మంది చనిపోయిన అప్పర్ బిగ్ బ్రాంచ్ గని రికార్డులను తర్వాత పరిశీలిస్తే, 2009లో అది నివేదించినదానికంటే రెట్టింపు ప్రమాదాలు బయటపడ్డాయి. ఫారం బాగుంటే సరిపోదు, నింపినవారిని ఆడిట్ చేసేవారు కూడా ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పినదంతా లవం గురించి. రేటు కట్టాలంటే హారం కూడా కావాలి, మన చర్చల్లో ఎక్కువ మోసం అక్కడే జరుగుతుందని నా అనుభవం. ప్రతి గని ఏడాదికొకసారి వార్షిక రిటర్ను పంపుతుంది. రోజుకు సగటున ఎంతమంది పనిచేశారు, ఎన్ని మ్యాన్‌షిఫ్టులు (ఒక మనిషి ఒక షిఫ్టు పని) నడిచాయి, ఎంత ఉత్పత్తి అయింది అన్నవి అందులో ఉంటాయి. డీజీఎంఎస్ ప్రచురించే ప్రధాన రేటు వెయ్యిమంది కార్మికులకు ఎన్ని మరణాలు అన్నది. కంపెనీలు 3 లక్షల మ్యాన్‌షిఫ్టులకు, పది లక్షల టన్నుల ఉత్పత్తికి ఎన్ని అని కూడా చెబుతాయి. 3 లక్షల షిఫ్టులు అంటే వెయ్యిమంది 300 రోజులు పనిచేసినట్టు. అమెరికా వారు 2 లక్షల గంటలకు లెక్కకడతారు, అది వందమంది ఏడాది పని. ఎనిమిది గంటల షిఫ్టు చొప్పున మన 3 లక్షల షిఫ్టులు 24 లక్షల గంటలు, అంటే వారి హారానికి పన్నెండు రెట్లు. మన రేటు 0.24 అయితే వారి కొలతలో అది 0.02 అవుతుంది. ఈ భాగహారం చేయకుండా రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టి వాదించుకోవడం నేను చాలాసార్లు చూశాను.

టన్నుల మీద కట్టే రేటు గురించి మాత్రం కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే విజయ గాథలన్నీ దాని మీదే నిలబడతాయి. ఇక్కడికి దగ్గర్లోనే రెడ్‌హిల్స్‌లో సింగరేణి భవన్ ఉంది కనుక ఆ సంస్థనే ఉదాహరణగా తీసుకుందాం. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులు ఉండేవారు, ఉత్పత్తి ఏడాదికి 2 కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు సొంత ఉద్యోగులు సుమారు 40 వేలమంది, ఉత్పత్తి 7 కోట్ల టన్నుల స్థాయిలో ఉంది. భూగర్భ బావుల నుంచి ఓపెన్‌కాస్టుకు, అంటే పైనుంచి తవ్వే గనులకు మారడమే ఇందుకు ప్రధాన కారణం. కోటి టన్నులకు అప్పుడు 50 వేలమంది శ్రమ, ఇప్పుడు 6 వేల లోపు. కాబట్టి ఒక్కొక్క కార్మికుడికి ప్రాణాపాయం గోరంత కూడా తగ్గలేదని అనుకున్నా, టన్నుల మీద కట్టిన మరణాల రేటు దాదాపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. అది భద్రత సాధించిన తగ్గుదల కాదు, యంత్రం సాధించిన తగ్గుదల. మనిషికి ముప్పు నిజంగానే తగ్గిందనడానికి వేరే ఆధారం చూడాలి. వెయ్యిమందికి కట్టిన రేటులో ఆ ఆధారం కొంత ఉంది. అసలు సంఖ్యల్లో చూసినా, దేశం మొత్తంమీద 1950లలో బొగ్గు గనుల్లో ఏటా సగటున 300 దాకా మరణాలుండేవి, 2000 తర్వాతి దశాబ్దానికి అది 110 ప్రాంతానికి దిగింది. అదే కాలంలో ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది.

ఆ 40 వేలలో కాంట్రాక్టు కార్మికులు లేరన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని, అంటే ఓబీ, ఎక్కువగా కాంట్రాక్టర్లే చేస్తారు. చట్టం ప్రకారం మేనేజరుకు తెలిసి గనిలో పనిచేసే మనిషి ఎవరి జీతం తీసుకున్నా ఆ గని కార్మికుడే, అతనికి ప్రమాదం జరిగితే నోటీసు ఇవ్వాల్సిందే. మరణం జరిగితే అలా ఇస్తున్నారు కూడా. కానీ అదే కాంట్రాక్టు మనుషుల హాజరు వార్షిక రిటర్నులోని హారంలో పూర్తిగా చేరుతోందా అన్నది ప్రతి గనిలోనూ విడిగా పరిశీలించాల్సిన విషయం. లవంలో చేరి హారంలో చేరకపోతే రేటు అన్యాయంగా పెరుగుతుంది. గాయాల విషయంలో రెండు చోట్లా చేరకపోతే ఆ మనుషులు గణాంకాల దృష్టిలో అసలు లేనట్టే.

పూర్తిగా లేనివారు మరికొందరు ఉన్నారు. గనుల చట్టం మూడో సెక్షన్ కింద కంకర, మొరం, గులకరాళ్లు, ఇసుక, ఇల్లు కట్టే రాయి, సున్నపురాయి వంటివి తీసే చిన్న క్వారీలకు మినహాయింపు ఉంది. లోతు ఆరు మీటర్లు దాటకుండా, ఏ రోజూ 50 మందికి మించకుండా, పేలుడు పదార్థాలు వాడకుండా ఉంటే ప్రమాద నోటీసు నిబంధన వాటికి వర్తించదు. మన నగరం నిలబడింది ఈ రాయి మీదే. చుట్టూ ఉన్న కంకర క్వారీలు, తాండూరు నాపరాళ్ల గనులు చూసినవారికి ఆరు మీటర్లు, పేలుడు లేకపోవడం అన్న షరతులు ఎంత త్వరగా దాటిపోతాయో తెలుసు. షరతు దాటిన క్షణం నుంచి అది చట్టం కిందికి వస్తుంది, కానీ ఆ క్షణాన్ని రాసిపెట్టే చెయ్యి లేదు. ఇక అనుమతే లేని గనులు వేరు. 2014లో హరిత ట్రైబ్యునల్ నిషేధించిన తర్వాత కూడా మేఘాలయలో ఎలుక బొరియ గనులు, అంటే మనిషి పాకుతూ వెళ్లేంత సన్నని సొరంగాల గనులు నడిచాయి. 2018 డిసెంబరు 13న క్సాన్‌లో అలాంటి గనిలోకి నీరు చేరి 15 మంది చిక్కుకుపోయారు, దేశమంతా చూసింది. అలాంటి గనికి మేనేజరు లేడు, వార్షిక రిటర్ను లేదు, నోటీసు పంపేవారు లేరు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రచురించే ప్రమాద మరణాల నివేదికలో గనులు, క్వారీల ప్రమాదాలకు ఒక గడి ఉంది. అది పోలీసు స్టేషన్ల నుంచి వచ్చే అంకె కాబట్టి చట్టబద్ధత చూడదు. డీజీఎంఎస్ అంకెతో అది సరిపోలకపోవడాన్ని తప్పుగా కాక సమాచారంగా చూడాలని నా సూచన.

మరో ద్వారం కూడా గనులకు మూసే ఉండేది. జీడిమెట్లలో ఫ్యాక్టరీ కార్మికుడి చెయ్యి నలిగితే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో ఒక రికార్డు పుడుతుంది. 1948 ఈఎస్ఐ చట్టం ఫ్యాక్టరీ నిర్వచనం నుంచి గనులను తప్పించింది కనుక గని కార్మికుడి విషయంలో యాజమాన్యం రికార్డును సరిచూసే అలాంటి స్వతంత్ర వైద్య రికార్డు ఉండేది కాదు. పెద్ద కంపెనీలకు సొంత ఏరియా ఆసుపత్రులు ఉన్నాయి, అవీ యాజమాన్యానివే. ఊపిరితిత్తుల జబ్బుల మాట అసలు చెప్పనక్కరలేదు. సిలికోసిస్, న్యూమోకోనియోసిస్ వంటివి 25వ సెక్షన్ కింద తెలపాల్సిన వ్యాధులే. దుమ్ము పీల్చిన ఎన్నో ఏళ్ల తర్వాత, కార్మికుడు గని వదిలి ఊరికి వెళ్లిపోయాక అవి బయటపడతాయి. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చింది, అక్కడ ప్రభుత్వ వైద్యులు ధ్రువీకరించిన రోగులు వేలల్లో తేలారు. గనుల యాజమాన్యాలు పంపే వ్యాధి నోటీసుల్లో ఆ వేలమంది జాడ కనిపించదు.

చివరగా, ఇక్కడున్న విద్యార్థులు రాబోయే నివేదికలతో పనిచేస్తారు కనుక ఒక మార్పు గురించి హెచ్చరించాలి. 2020 నాటి వృత్తిపర భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌ను 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చారు. ఫ్యాక్టరీలకూ గనులకూ కలిపి అందులో ఒకే కొలమానం ఉంది. ప్రమాదం తర్వాత 48 గంటలు, ఆ పైన పనిచేయలేకపోతే నోటీసు ఇవ్వాలి. ఫ్యాక్టరీలకు ఇది పాత పద్ధతే, గనులకు మాత్రం 72 నుంచి 48కి దిగడం. కొత్త కొలత పూర్తిగా ఆచరణలోకి వచ్చిన ఏడాది నమోదైన గాయాలు పెరిగితే, గనులు ఒక్కసారిగా ప్రమాదకరమయ్యాయని ఎవరో తప్పక రాస్తారు. పెరగకపోతే అది ఇంకా పెద్ద వార్త కావాలి. గడువు మూడో వంతు తగ్గినా అంకె కదలలేదంటే, 72 గంటల కింద నమోదైనదీ వాస్తవం కాదని అర్థం. మరణాల వరుసకు ఈ మార్పుతో సంబంధం లేదు కనుక దాన్ని పక్కనే పెట్టుకుని, రెండింటి నిష్పత్తిని జోన్ల వారీగా, బొగ్గు, లోహ, చమురు గనులకు విడివిడిగా చూడండి. కారణాల పట్టికలో పైకప్పు కూలడం ఎంత, డంపర్లు ఎంత అన్నదాన్ని భూగర్భ, ఓపెన్‌కాస్ట్ కార్మికుల హారాలతో వేరుగా భాగించండి. ఆ విడి హారాలు ప్రచురించిన సంపుటిలో కావలసినంత వివరంగా దొరకకపోతే సమాచార హక్కు కింద ఇక్కడి మండల కార్యాలయాన్నే అడగవచ్చు. ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను. కోల్‌బెల్టు నుంచి వచ్చినవారు ముందు అడగాలని కోరుతున్నాను.